మెయిల్స్ వస్తున్నాయి, పోవట్లేదు

చుట్టాల నుంచీ తెలిసిన ఆఫీసుల నుంచీ కంప్యూటర్ గురించి నాకొచ్చే ఫోన్లలో ఫస్ట్ ప్లేసు ప్రింటర్‌ది, రెండోది ఇదే. "మెయిల్స్ వస్తున్నాయి కానీ పోవట్లేదు" అంటారు. ఆ వెంటనే ఇంకో మాట కూడా ఖాయంగా ఉంటుంది, "పాస్‌వర్డ్ కరెక్టేలే, మెయిల్స్ వస్తున్నాయిగా". నాకు చిర్రెత్తేది ఈ రెండో మాటకే, ఎందుకంటే సగం టైమ్ వేస్టయ్యేది అక్కడే. అందుకే దీని గురించి కాస్త పొడుగ్గానే రాస్తున్నా, ఓపిక లేనివాళ్ళు తిన్నగా పోర్టుల దగ్గరికి వెళ్ళిపోవచ్చు.

ఫోన్లో యాప్ వాడేవాళ్ళకీ, బ్రౌజర్లో మెయిల్ చూసుకునేవాళ్ళకీ ఈ గొడవ దాదాపు లేదు. ఇది థండర్‌బర్డ్, అవుట్‌లుక్ లాంటి మెయిల్ ప్రోగ్రామ్‌లు సిస్టమ్‌లో పెట్టుకుని వాడేవాళ్ళ బాధ. ఈ రోజుల్లో ఇంకా అవెవరు వాడుతున్నారండీ అంటారేమో, ఆడిటర్లు వాడుతున్నారు, టాక్స్ కన్సల్టెంట్లు వాడుతున్నారు, ప్రింటింగ్ ప్రెస్సులవాళ్ళు, మిర్చి ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్ళు, సొంత డొమైన్ మీద, అంటే ఎట్ గుర్తు తర్వాత ఆఫీసు పేరే వచ్చేలా మెయిల్ ఐడీ ఉన్న ఏ చిన్న ఆఫీసైనా వాడుతోంది. ఎప్పటిదో పాత మెయిల్ ఒకటి కావాల్సొస్తే నెట్ ఉన్నా లేకపోయినా అక్కడే సిస్టమ్‌లో దొరకాలి వాళ్ళకి, పైగా నాలుగు ఐడీలు ఒకేచోట కనపడాలి. నేనైతే వాళ్ళని తప్పుపట్టను, నేనూ థండర్‌బర్డే వాడతా.

అసలు సంగతేంటంటే, మెయిల్ రావడానికీ పోవడానికీ మధ్యలో ఏ సంబంధం లేదు. రావడం ఐమ్యాప్, పాప్ అనే పద్ధతుల్లో ఒకదానితో జరుగుతుంది, పోవడం ఎస్ఎంటీపీ అనే ఇంకో పద్ధతితో. సర్వర్ పేరు వేరే ఉండొచ్చు, పోర్ట్ (ఆ సర్వర్‌లో ఏ తలుపు తట్టాలో చెప్పే నంబర్) వేరే, సెక్యూరిటీ సెట్టింగ్ వేరే, సేవ్ అయిన పాస్‌వర్డ్ కూడా వేరే. కుళాయిలో నీళ్ళు ధారగా వస్తున్నాయి కాబట్టి తూము పూడుకుపోలేదని ఎవరూ అనరు కదా, మెయిల్ విషయంలో మాత్రం అందరూ అదే అంటారు.

ఈ మధ్య గుంటూరు నుంచి మా మావయ్య ఫోన్. ఆయన టాక్స్ ప్రాక్టీస్ చేస్తారు, చిన్న ఆఫీసు, ఇద్దరు అసిస్టెంట్లు, ఒక పాత డెస్క్‌టాప్, అందులో థండర్‌బర్డ్. ఆఫీసు పేరు మీద డొమైన్ ఉంది, దాని మీద రెండు ఐడీలు, ఆ మెయిల్ ఒక హోస్టింగ్ కంపెనీ దగ్గర. అది కాక ఒక జీమెయిల్ అకౌంట్ కూడా అందులోనే పెట్టుకున్నారు.

"ఒరేయ్, నెలాఖరు పనులున్నాయి, క్లయింట్లకి రిటర్న్ కాపీలు పంపాలి, ఒక్కటీ పోవట్లేదురా."

"ఎర్రర్ ఏమొస్తోంది మావయ్యా?"

"ఏదో వస్తోంది, ఓకే కొట్టేస్తున్నా."

"ఈసారి కొట్టకుండా అలాగే ఉంచి ఫోటో తీసి పంపండి."

అందరూ చేసేది ఇదే. డబ్బా రాగానే ఓకే కొట్టేస్తారు, ఆ తర్వాత అకౌంట్ డిలీట్ చేసి మళ్ళీ పెడతారు, అదీ కుదరకపోతే ప్రోగ్రామ్‌నే అన్‌ఇన్‌స్టాల్ చేస్తారు. ఆ డబ్బాలో ఉండేది ఉత్త సోది కాదు. చాలాసార్లు అందులో చివర్న ఉండే లైన్ అవతలి సర్వర్ స్వయంగా పంపించిన జవాబు, యథాతథంగా. దాంట్లో ఒక మూడంకెల నంబర్ ఉంటుంది, ఆ నంబర్ ఉందా లేదా అన్నదే మొదట చూడాలి. నంబర్ ఉంటే మనం సర్వర్ దాకా వెళ్ళాం, అతను వద్దన్నాడు. నంబర్ లేకుండా "టైమ్డ్ అవుట్" అనో "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అనో ఉంటే అసలు అక్కడిదాకా పోనేలేదు, లేదా పోయాక మాట కలవలేదు. ఈ రెండూ రెండు వేరే వేరే రోగాలు, మందులు కూడా వేరే. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన టైమ్డ్ అవుట్ పోదు, కానీ జనం టైమ్డ్ అవుట్ వచ్చినప్పుడే పాస్‌వర్డ్ మారుస్తారు, తర్వాత ఆ కొత్త పాస్‌వర్డ్ వల్ల ఇంకో గొడవ మొదలవుతుంది.

నంబర్ల సంగతి సింపులే. 2తో మొదలైతే సరే అన్నట్టు, 3తో మొదలైతే ఇంకా చెప్పు అన్నట్టు, 4తో మొదలైతే ఇప్పుడు కాదు కాసేపాగి రా అన్నట్టు, 5తో మొదలైతే కుదరదు పో అన్నట్టు. 421, 450 లాంటివి వస్తే కంగారుపడి సెట్టింగులు కెలకక్కర్లేదు, ఒక అరగంట ఆగి మళ్ళీ పంపితే చాలావరకు పోతాయి. 5 వస్తే మాత్రం అదే మెయిల్‌ని ఎన్నిసార్లు కొట్టినా అదే జవాబు.

మావయ్య పంపిన ఫోటోలో నంబర్ లేదు. టైమ్డ్ అవుట్. అంటే పాస్‌వర్డ్ ఊసు ఎత్తకూడదన్నమాట ఇంకా. ఆఫీసులో ఏమైనా మారిందా అని అడిగితే ఏమీ మారలేదన్నారు, రెండు నిమిషాలాగి "ఆ, నెట్ మార్చామురా, పాతది తీసేసి ఫైబర్ పెట్టించాం" అన్నారు. ఏమీ మారలేదు అనే మాటని నేనెప్పుడూ నమ్మను, ఇందుకే.

థండర్‌బర్డ్‌లో పైన కుడివైపు మూడు గీతల మెనూ నొక్కి అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఎడంపక్క లిస్టులో అట్టడుగున "అవుట్‌గోయింగ్ సర్వర్" అని ఒకటి ఉంటుంది. అకౌంట్లన్నీ దాటుకుని అంత కిందకి ఎవరూ దిగరు, చాలామందికి అదొకటి ఉందనే తెలీదు. అక్కడ సర్వర్ మీద క్లిక్ చేసి ఎడిట్ కొడితే చిన్న విండో వస్తుంది, అందులో సర్వర్ పేరు, పోర్ట్, కనెక్షన్ సెక్యూరిటీ, అథెంటికేషన్ మెథడ్, యూజర్‌నేమ్. అంతే. మావయ్య దగ్గర పోర్ట్ అని ఉన్నచోట 25 అని ఉంది. ఏ కాలంలో ఎవరు పెట్టారో, పాత కనెక్షన్‌లో ఇన్నేళ్ళూ పనిచేస్తూ వచ్చింది, కొత్త కనెక్షన్‌లో 25 మూసేసి ఉంది.

ఈ పోర్టుల కథ తెలిస్తే సెట్టింగులు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, వాటంతట అవే గుర్తుంటాయి. ఎస్ఎంటీపీని 1982లో రాసినప్పుడు అందులో పాస్‌వర్డ్ అన్న మాటే లేదు. అప్పట్లో ఆ నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్ళే తక్కువ, ఎవరైనా ఏ సర్వర్ దగ్గరికైనా వెళ్ళి ఈ ఉత్తరం పంపించు అంటే పంపించేసేవాడు. థండర్‌బర్డ్‌లో ఇప్పటికీ అథెంటికేషన్ మెథడ్ దగ్గర "నో అథెంటికేషన్" అని కనపడేది ఆ కాలం నాటి అవశేషమే. తొంభైల్లో స్పామ్ మొదలయ్యాక ఇది కొంప ముంచింది, ఎవడి సర్వర్లోంచో ఎవడో లక్షల మెయిల్స్ తోసేసేవాడు. అప్పుడు 1998లో కొత్త పద్ధతి రాశారు, సర్వర్ నుంచి సర్వర్‌కి పోయే ట్రాఫిక్ 25లో ఉంటుంది, మనలాంటివాళ్ళు మన ప్రోగ్రామ్ నుంచి మన సర్వర్‌కి అప్పజెప్పేది 587లో ఉంటుంది అని. 1999లో లాగిన్ పద్ధతి కూడా ఎస్ఎంటీపీలోకి వచ్చింది. దానికి ముందు ఒక తమాషా ఏర్పాటు ఉండేది, ముందు మెయిల్ చెక్ చేసుకోవాలి, అలా లాగిన్ అయ్యాక కాసేపటిదాకా అదే ఐపీ (నెట్‌లో ఆ సిస్టమ్ అడ్రస్) నుంచి పంపనిచ్చేవాళ్ళు. పాత అవుట్‌లుక్ సెట్టింగ్స్‌లో "పంపే ముందు ఇన్‌కమింగ్ సర్వర్‌లో లాగిన్ అవ్వు" అనే అర్థం వచ్చే ఆప్షన్ ఒకటుంటుంది చూడండి, అదే అది.

ఆ తర్వాత వైరస్ ఎక్కిన ఇళ్ళలోని సిస్టమ్స్ నేరుగా 25 మీదే స్పామ్ పంపడం మొదలుపెట్టేసరికి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు చాలావరకు తమ కస్టమర్లకి 25ని బయటికి పోకుండా మూసేశాయి. అందులో తప్పేం లేదు, మామూలు మనిషికి 25తో పనే లేదు. కానీ పాత సెట్టింగ్ అలాగే ఉండిపోయినవాడు నెట్ మార్చిన రోజు దొరికిపోతాడు.

465 కథ ఇంకా బావుంటుంది. 1997లో ఎస్ఎస్ఎల్‌తో, అంటే మొదటి నుంచే దారిలో ఎవరూ చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసి మెయిల్ పంపడానికని దాన్ని కేటాయించారు, ఏడాది తిరిగేసరికి వెనక్కి తీసేసుకున్నారు, ముందు మామూలుగా పలకరించుకుని తర్వాత ఎన్‌క్రిప్షన్‌కి మారే స్టార్ట్‌టీఎల్ఎస్ వచ్చింది కదా ఇంకెందుకు ఇది అని. లోకం మాత్రం వినలేదు, పెద్ద పెద్ద మెయిల్ కంపెనీలు కూడా 465ని వాడుతూనే పోయాయి, ఇరవయ్యేళ్ళు కాగితం మీద లేకుండానే బతికింది, చివరికి 2018లో మళ్ళీ అదే మంచిదని రాసిపెట్టారు. కాబట్టి ఇప్పుడు 465, 587 రెండూ కరెక్టే, కానీ ఒక్కోదానికి జోడీ ఉంది. 465 పెడితే కనెక్షన్ సెక్యూరిటీ దగ్గర ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్ ఉండాలి, 587 పెడితే స్టార్ట్‌టీఎల్ఎస్ ఉండాలి.

జోడీ తప్పితే ఏమవుతుందో చూస్తే నవ్వొస్తుంది. 465 పెట్టి స్టార్ట్‌టీఎల్ఎస్ పెట్టారనుకోండి, స్టార్ట్‌టీఎల్ఎస్ పద్ధతిలో ముందు సర్వరే పలకరించాలి, 220 అని, కాబట్టి మన ప్రోగ్రామ్ ఆ పలకరింపు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. 465లో ఉన్న సర్వరేమో ముందు నువ్వు ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టు అని ఎదురుచూస్తుంటుంది. ఇద్దరూ నోరు విప్పరు, టైమ్ అయిపోతుంది, టైమ్డ్ అవుట్. అంటే పోర్ట్ మూసేసినా టైమ్డ్ అవుటే, జోడీ తప్పినా టైమ్డ్ అవుటే. అటు తిప్పి 587 పెట్టి ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్ పెడితే మాత్రం చాలాసార్లు వెంటనే ఎస్ఎస్ఎల్ ఎర్రర్ కొడుతుంది, ఎందుకంటే ఎన్‌క్రిప్షన్ వస్తుందనుకున్నచోట మామూలు అక్షరాల్లో 220 వచ్చింది కాబట్టి.

ఏది కారణమో తేల్చుకోడానికి నాకు తెలిసిన అతి సులువైన టెస్టు, ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేసి సిస్టమ్‌ని దానికి కలిపి అదే మెయిల్ పంపడం. హాట్‌స్పాట్‌లో పోయి ఆఫీసు నెట్‌లో పోకపోతే తగువు నెట్‌వర్క్‌ది. రెండిట్లోనూ పోకపోతే సెట్టింగో సర్వరో. మొబైల్ నెట్‌లో కూడా 25 మూసి ఉండొచ్చు కాబట్టి ఈ టెస్టు 587తోనో 465తోనో చేస్తేనే లెక్క. విండోస్‌లో ఇంకో దారి, పవర్‌షెల్ తెరిచి టెస్ట్-నెట్‌కనెక్షన్ అనే కమాండ్‌కి సర్వర్ పేరు, పోర్ట్ నంబర్ ఇస్తే చివరి లైన్లో ట్రూ అనో ఫాల్స్ అనో చెప్పేస్తుంది. ఫాల్స్ వస్తే మెయిల్ ప్రోగ్రామ్‌లో మీరెన్ని చేసినా దండగ.

సరే, మావయ్య చేత 587 పెట్టించి స్టార్ట్‌టీఎల్ఎస్ పెట్టించా. వెంటనే పంపారు. ఈసారి టైమ్డ్ అవుట్ లేదు, 535 వచ్చింది. ఆయనకి విసుగు, "ఇంకో ఎర్రర్ వచ్చిందిరా, ఇందాకటిదే నయం" అన్నారు. నాకు మాత్రం సంతోషం, నంబర్ వచ్చిందంటే సర్వర్ గుమ్మం దాకా వెళ్ళామన్నమాట. 535 అంటే యూజర్‌నేమో పాస్‌వర్డో నాకు నచ్చలేదు అని.

"పాస్‌వర్డ్ కరెక్టేరా, మెయిల్స్ వస్తున్నాయిగా."

చూశారా. ఆ మధ్య ఆఫీసు ఐడీ పాస్‌వర్డ్‌ని వెబ్‌మెయిల్‌లో మార్చారట. మార్చాక థండర్‌బర్డ్ కొత్త పాస్‌వర్డ్ అడిగింది, కొట్టారు, మెయిల్స్ రావడం మొదలైంది, అయిపోయిందనుకున్నారు. కానీ ఆ అడిగింది రావడానికి. పోవడానికి పాత పాస్‌వర్డే లోపల సేవ్ అయి కూర్చుంది. ఇక్కడ థండర్‌బర్డ్‌తో నాకున్న ఒక కంప్లైంట్ చెప్పాలి, ఇందాక చెప్పిన అవుట్‌గోయింగ్ సర్వర్ విండోలో అన్నీ ఉంటాయి, పాస్‌వర్డ్ మార్చే గడి మాత్రం ఉండదు. జనం దానికోసం వెతికి వెతికి అలిసిపోతారు. అది ఉండేది సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద "సేవ్డ్ పాస్‌వర్డ్స్" అన్నచోట. అక్కడ ఒకే ఐడీకి రెండు లైన్లు కనపడతాయి, ఒకటి ఐమ్యాప్ అనో మెయిల్‌బాక్స్ అనో మొదలవుతుంది, ఇంకోటి ఎస్ఎంటీపీ అని. ఈ రెండో లైన్‌ని తీసేసి, ప్రోగ్రామ్ మూసి తెరిచి, మళ్ళీ పంపితే అప్పుడు అడుగుతుంది పాస్‌వర్డ్. ఆ రెండు లైన్లూ మావయ్యకి చూపించాక ఆయన నోటి నుంచి "పాస్‌వర్డ్ కరెక్టే" అన్న మాట మళ్ళీ రాలేదు.

535 వచ్చినా పాస్‌వర్డ్ నిజంగానే కరెక్టయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. ఒకటి, యూజర్‌నేమ్ దగ్గర పూర్తి మెయిల్ ఐడీ బదులు ఎట్ గుర్తుకి ముందున్న ముక్క మాత్రమే ఉండటం, కొన్ని సర్వర్లు ఒప్పుకుంటాయి కొన్ని ఒప్పుకోవు. రెండోది జీమెయిల్. 2022 మే 30 నుంచి గూగుల్ మామూలు అకౌంట్లకి ఉత్త యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రామ్‌ల నుంచి లాగిన్ అవ్వడం ఆపేసింది. మీరు బ్రౌజర్లో వాడే పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా కొట్టినా ఇక్కడ పనిచేయదు. రెండు దారులు, అథెంటికేషన్ మెథడ్ దగ్గర ఓఆత్2 పెట్టడం, లేదా టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసుకుని యాప్ పాస్‌వర్డ్ తీసుకోవడం. ఓఆత్2 పెడితే గూగుల్ లాగిన్ పేజీయే చిన్న విండోలో తెరుచుకుంటుంది, అక్కడ లాగిన్ అయి అనుమతి ఇస్తే సరి. ఆ విండో తెరుచుకుని ముందుకి కదలకపోతే థండర్‌బర్డ్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో కుకీస్ ఆపేసి ఉన్నాయేమో చూడండి, కుకీస్ లేకపోతే ఆ లాగిన్ పూర్తవదు. యాప్ పాస్‌వర్డ్ అయితే 16 అక్షరాలు, నాలుగేసి చొప్పున విడదీసి చూపిస్తారు. ఒకటి గుర్తుపెట్టుకోండి, గూగుల్ అసలు పాస్‌వర్డ్ మార్చిన రోజు ఈ యాప్ పాస్‌వర్డులన్నీ రద్దయిపోతాయి, మళ్ళీ కొత్తది తీసుకోవాల్సిందే. మైక్రోసాఫ్ట్ కూడా అవుట్‌లుక్ డాట్ కామ్, హాట్‌మెయిల్ ఐడీలకి 2024 సెప్టెంబర్ 16 నుంచి ఇదే దారి పట్టింది, అక్కడ ఓఆత్2 ఒక్కటే.

మళ్ళీ మావయ్య దగ్గరికి. కొత్త పాస్‌వర్డ్ కొట్టారు, ఆఫీసు ఐడీ నుంచి మెయిల్ పోయింది. హమ్మయ్య అనుకునేలోపు అసిస్టెంట్ అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది, ఇన్నాళ్ళూ కొన్ని మెయిల్స్ పోతూనే ఉన్నాయట, కానీ క్లయింట్లు జవాబులు జీమెయిల్‌కి పంపుతున్నారట. ఇది మూడో గొడవ. థండర్‌బర్డ్‌లో ప్రతి అకౌంట్ మొదటి పేజీ కిందన "అవుట్‌గోయింగ్ సర్వర్" అని ఒక డ్రాప్‌డౌన్ ఉంటుంది, ఆ అకౌంట్ ఏ సర్వర్ ద్వారా పంపాలో అక్కడ ఎంచుకోవాలి. వాళ్ళ దగ్గర అకౌంట్లు మూడు, సర్వర్లు రెండు, రెండో ఆఫీసు ఐడీకి ఈ డ్రాప్‌డౌన్‌లో జీమెయిల్ సర్వర్ ఎంచుకుని ఉంది. ఫ్రమ్ అడ్రస్ ఆఫీసుది, తీసుకెళ్ళేది జీమెయిల్. ఆ అడ్రస్ నీదేనని ముందే జీమెయిల్‌లో చెప్పుకుని ఉంటే తప్ప జీమెయిల్ ఏం చేస్తుందంటే ఫ్రమ్ అడ్రస్‌ని మార్చేసి జీమెయిల్ ఐడీ పెట్టి పంపేస్తుంది, ఎర్రర్ ఏమీ రాదు. వేరే సర్వర్లయితే ఈ అడ్రస్ నీది కాదు అని 553తోనో 550తోనో తిప్పికొడతాయి. నన్నడిగితే తిప్పికొట్టేవే నయం, కనీసం సంగతి తెలుస్తుంది.

దీంట్లోనే ఇంకో మెలిక కూడా ఉంది. ఒక డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకుందో ఆ డొమైన్ రికార్డుల్లో రాసిపెట్టుకుంటారు, దాన్ని ఎస్పీఎఫ్ అంటారు. లిస్టులో లేని సర్వర్ నుంచి పంపితే అవతల స్పామ్‌లో పడొచ్చు, అసలు తీసుకోకపోవచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ రెండూ ఈ విషయంలో బాగా గట్టిగా ఉంటున్నాయి. కాబట్టి ఎవరి అడ్రస్ వాళ్ళ సర్వర్ ద్వారానే పోవాలి, "ఏదో ఒకదాంట్లోంచి పోతోందిగా" అని సరిపెట్టుకోకండి.

అటాచ్‌మెంట్ల సంగతి. టాక్స్ ఆఫీసుల్లో స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు ఉంటాయి, ఎవరో 600 డీపీఐలో కలర్‌లో స్కాన్ చేస్తారు, పది పేజీలకే ఫైల్ బరువెక్కిపోతుంది. సర్వర్ లిమిట్ 20 ఎంబీ అన్నాడు, నా ఫైల్ 16 ఎంబీయే, ఎందుకు పోలేదు అని అడుగుతారు. మెయిల్‌లో ఫైల్ ఫైల్‌లాగా పోదు, అక్షరాల్లోకి మారి పోతుంది, ప్రతి మూడు బైట్లూ నాలుగు అక్షరాలవుతాయి, పైన లైన్ల చివర్ల కోసం కొంచెం. అంటే మూడో వంతుకి పైనే పెరుగుతుంది, 16 ఎంబీ కాస్తా 21 దాటిపోతుంది. అప్పుడు వచ్చే నంబర్ 552. జీమెయిల్ సర్వర్‌తో కనెక్ట్ అయినప్పుడు అది తన లిమిట్ ఇంత అని 35882577 బైట్లు చెబుతుంది, 25 ఎంబీ అటాచ్‌మెంట్ అని వాళ్ళు బయటికి చెప్పే మాటకి ఈ పెరుగుదల కలిపి చూసుకోండి, లెక్క సరిపోతుంది. చాలా హోస్టింగ్ కంపెనీలు అలా కలిపి చెప్పవు. స్కానర్లో 200 డీపీఐ, బ్లాక్ అండ్ వైట్ పెట్టండి, ఆఫీసు కాగితాలకి అది చాలు.

సర్టిఫికెట్ అంటే ఎన్‌క్రిప్షన్ మొదలయ్యేటప్పుడు సర్వర్ చూపించే గుర్తింపు కార్డు లాంటిది, దాని గొడవలు రెండు మూడు రకాలు. సొంత డొమైన్ పేరుకి ముందు మెయిల్ అని చేర్చి సర్వర్ పేరుగా పెట్టుకుంటారు, కానీ ఆ సర్వర్ చూపించే సర్టిఫికెట్ హోస్టింగ్ కంపెనీ పేరు మీద ఉంటుంది, పేర్లు కలవవు, థండర్‌బర్డ్ ఒప్పుకోదు. ఫర్వాలేదు ఒప్పుకో అని ఎక్సెప్షన్ ఇచ్చేస్తారు చాలామంది. ఆ ఎక్సెప్షన్ పోర్ట్ వారీగా సేవ్ అవుతుంది, రావడానికి ఇచ్చింది పోవడానికి చెల్లదు, మళ్ళీ అదే కథ. ఎక్సెప్షన్లు ఇచ్చుకుంటూ పోయే బదులు సర్టిఫికెట్ మీద ఏ పేరుందో ఆ పేరే సర్వర్ పేరుగా పెట్టేయండి, హోస్టింగ్ వాళ్ళు పంపిన మొదటి మెయిల్‌లో అది ఉంటుంది. ఇంకోటి, యాంటీవైరస్‌లో ఈమెయిల్ స్కానింగ్ ఆన్ చేసి ఉంటే అది మధ్యలో దూరి తన సర్టిఫికెట్ చూపిస్తుంది, థండర్‌బర్డ్‌కి దాని మొహం తెలీదు. యాంటీవైరస్ మొత్తం తీసేయక్కర్లేదు, ఆ ఒక్క ఆప్షన్ ఆపితే చాలు. మూడోది పాత డెస్క్‌టాపుల జబ్బు, మదర్‌బోర్డ్ మీద ఉండే బిళ్ళ సెల్ అయిపోయి కరెంట్ తీసి పెట్టిన ప్రతిసారీ డేట్ ఎప్పటిదో పాత సంవత్సరానికి పోతుంది, ఆ డేట్‌కి ఇంకా సర్టిఫికెట్ పుట్టనే లేదు కాబట్టి చెల్లదంటుంది. ఇదొక్కటి మాత్రం రావడాన్నీ పోవడాన్నీ రెండిటినీ ఆపేస్తుంది. సీఆర్2032 సెల్ ఏ వాచీల షాపులో అయినా దొరుకుతుంది.

ఎర్రర్ వచ్చినా మెయిల్ వెళ్ళిపోయే సందర్భం ఒకటుంది, ఇది తెలీక జనం క్లయింట్లకి ఒకే నోటీసు మళ్ళీ మళ్ళీ పంపుతారు. మెయిల్ పంపించాక దాని కాపీని సెంట్ ఫోల్డర్లో పెట్టాలి కదా, ఆ పని చేసేది ఎస్ఎంటీపీ కాదు, ఐమ్యాప్. మెయిల్ వెళ్ళింది, కాపీ పెట్టడం కుదరలేదు, అప్పుడొచ్చే డబ్బాలో "మెసేజ్ పంపించబడింది కానీ కాపీ సెంట్ ఫోల్డర్లో పెట్టలేకపోయాం" అని స్పష్టంగానే ఉంటుంది, చదివితే. చదవకుండా రీట్రై కొడితే అది కాపీ పెట్టడానికే ప్రయత్నిస్తుంది కాబట్టి నష్టం లేదు, కానీ డబ్బా మూసేసి మళ్ళీ సెండ్ కొడితే అవతలివాడికి రెండోది పోతుంది. అసలు కారణం చాలావరకు మెయిల్‌బాక్స్ కోటా నిండిపోవడం. సెంట్ ఫోల్డర్లో పాత స్కాన్లు తీసేస్తే సర్దుకుంటుంది. జీమెయిల్ అయితే సెంట్ కాపీ తనే పెట్టుకుంటుంది కాబట్టి ఆ అకౌంట్‌కి "కాపీస్ అండ్ ఫోల్డర్స్"లో ఆ టిక్ తీసేసినా ఏం కాదు.

అవుట్‌లుక్ వాడేవాళ్ళకి రెండు మాటలు. పాత అవుట్‌లుక్‌లో అకౌంట్ సెట్టింగ్స్, మోర్ సెట్టింగ్స్, అవుట్‌గోయింగ్ సర్వర్ అనే ట్యాబ్‌లో "నా అవుట్‌గోయింగ్ సర్వర్‌కి అథెంటికేషన్ కావాలి" అనే టిక్ ఉంటుంది, అది లేకపోతే లాగిన్ అవ్వకుండానే పంపడానికి చూస్తుంది, సొంత డొమైన్ లోపలివాళ్ళకి పోయి బయటివాళ్ళకి 550 రిలే కుదరదు, అంటే నీ మెయిల్ బయటికి చేరవేయను అని వస్తే అనుమానం మొదట దీని మీదే. ఇంకోటి అవుట్‌బాక్స్‌లో ఇరుక్కున్న మెయిల్. ఎందుకు పోలేదో చూద్దామని దాన్ని అవుట్‌బాక్స్‌లో తెరిచి, సెండ్ కొట్టకుండా మూసేస్తారు. పంపడానికి లైన్లో ఉన్న మెయిల్ పేరు వాలు అక్షరాల్లో ఉంటుంది, తెరిచి మూస్తే మామూలు అక్షరాల్లోకి మారిపోతుంది, అంటే అది లైన్లోంచి బయటికొచ్చేసింది, ఇక ఎంతకాలమైనా అక్కడే ఉంటుంది. మళ్ళీ తెరిచి సెండ్ కొట్టాలి. కింద "వర్కింగ్ ఆఫ్‌లైన్" అని ఉందేమో కూడా ఓసారి చూడండి, పొరపాటున చేయి తగిలి ఆన్ అయిపోయిన కేసులు చాలానే చూశా.

అకౌంట్ డిలీట్ చేసి మళ్ళీ పెడదామనుకునేవాళ్ళు ముందు అది పాపా ఐమ్యాపా చూసుకోండి. పాప్ అయి, సర్వర్లో కాపీ ఉంచే టిక్ లేకపోతే మీ పాత మెయిల్స్ ప్రపంచం మొత్తంలో ఉన్నది ఆ ఒక్క హార్డ్‌డిస్క్‌లోనే. అకౌంట్ తీసేటప్పుడు "మెసేజ్ డేటా కూడా తీసేయ్" అనే టిక్ పెట్టారో, పోయినట్టే. పోవట్లేదన్న గొడవకి అకౌంట్ తీసే అవసరం నాకు తెలిసి ఎప్పుడూ లేదు, అవుట్‌గోయింగ్ సర్వర్ ఒక్కటే తీసి కొత్తగా పెట్టుకోవచ్చు, మెయిల్స్ జోలికి వెళ్ళకుండా.

మెయిల్ పోయి, కాసేపటికి తిరిగి రావడం వేరే సంగతి. అది మీ ప్రోగ్రామ్ తప్పు కాదు, అవతలి సర్వర్ జవాబు. 5.1.1 ఉంటే ఆ అడ్రస్సే లేదు, స్పెల్లింగ్ చూడండి. 5.2.2 ఉంటే వాళ్ళ బాక్స్ నిండింది. "బ్లాక్డ్ యూజింగ్" అని ఉండి పక్కన ఏదో లిస్టు పేరుంటే మీ హోస్టింగ్ సర్వర్ ఐపీ బ్లాక్‌లిస్టులోకి ఎక్కింది, అదే సర్వర్ మీద ఉన్న ఇంకెవరో స్పామ్ పంపిన పాపం మీకు తగులుకుందన్నమాట. దీనికి మీ సిస్టమ్‌లో మార్చాల్సింది ఏమీ లేదు, హోస్టింగ్ సపోర్ట్‌కి ఫోన్ చేయాలి. చేసేటప్పుడు తిరిగొచ్చిన మెయిల్ మొత్తాన్నీ వాళ్ళకి ఫార్వర్డ్ చేసి, పంపిన టైమ్, ఏ అడ్రస్ నుంచి ఏ అడ్రస్‌కి పంపారో రాయండి, ఆ వివరాలుంటేనే వాళ్ళు లాగ్‌లో వెతకగలరు. "మెయిల్ పోవట్లేదండీ" అని మాత్రం అంటే దూరం నుంచి మీ సిస్టమ్ నడిపే ఎనీడెస్క్ ఆన్ చేయండి సార్ అని ఓ గంట మీ సెట్టింగులు కెలుకుతారు. వాళ్ళు ఐపీ మార్చేలోపు అర్జెంటువి జీమెయిల్ నుంచి పంపుకోండి, కానీ ఆ అకౌంట్ సెట్టింగ్స్‌లో రిప్లై-టు అడ్రస్ (జవాబులు ఎక్కడికి రావాలో చెప్పేది) దగ్గర ఆఫీసు ఐడీ రాసుకోండి, పని అయ్యాక తీసేయండి.